పరబ్ అయ్యాక ఇచ్చేద్దాం

గురువమ్మ మొగుణ్ణి తుపాకీతో కాల్చిందని మా దసమంతపూర్ బస్టాండులో ఎవరినడిగినా చెప్తారు. పేపర్లో కూడా వేశారట, సంసారంలో గొడవల వల్ల అని. గొడవలట! వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. ఆ ఇంట్లో దగ్గితే ఈ ఇంట్లో వినపడుతుంది. ఇన్నేళ్లలో నాకు వినపడని గొడవ ఆ పేపరువాడి చెవిన ఎలా పడిందో వాడే చెప్పాలి.

నా పేరు గౌరీశ్వరి. జాకెట్లు కుట్టుకుని బతుకుతాను. నోరు పెద్దదని వీధిలో నాకు పేరుంది. ఎలాగూ పేరు పడింది కనక, జరిగింది జరిగినట్టు చెప్తాను.

బస్టాండు వెనక మాది తెలుగు వీధి. మా తాతలు పార్వతీపురం వైపు నుంచి ఈ ఒడిశాకి రోడ్డు పనులకొచ్చి, పనులయ్యాక తిరిగి వెళ్లకుండా ఇక్కడే ఉండిపోయారు. గురువమ్మ ఇక్కడే పుట్టింది. తల్లి చిన్నప్పుడే పోతే అన్న అసిరయ్య పెంచాడు. తాపీమేస్త్రి. కోపిష్ఠివాడే గానీ, చెల్లెలికి పెట్టందే తను తినేవాడు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆయన కొడుకు బాపి పుడితే గురువమ్మే చంకనేసుకుని పెంచింది. తనకి పిల్లలు కలగలేదు. బాపే కొడుకనుకుంది.

దాని మొగుడు లక్ష్మణుడు. బ్లాకు వాళ్ల నీళ్ల పంపు ఆడించే కాంట్రాక్టు ఉద్యోగం. నన్ను అక్కా అంటాడు, అంచేత గురువమ్మ నన్ను వదినా అంటుంది. రక్తసంబంధం ఏమీ లేదు. అంత మెత్తటి మనిషిని నేను చూళ్లేదు. పండక్కి కోడిని కొయ్యమంటే పక్కింటివాడి చేతికిచ్చి, వీధి వైపు తిరిగి నిలబడేవాడు. గురువమ్మ బస్టాండులో ఉప్మా, పునుకులు అమ్మేది. కోరాపుట్ బస్సు కండక్టరు దాని ఉప్మా తిన్నాకే విజిలు వేసేవాడు. ఇద్దరి సంపాదనా ఇద్దరికి సరిపోయేది. గుట్టుగా బతికారు.

ఇక ఈ పరబ్ పండగ సంగతి చెప్పాలి. చైత్రమాసం వస్తే మా చుట్టుపక్కల ఊళ్లలో మగాళ్లంతా కొండకి వేటకి పోతారు. కుందేలో, కొండగొర్రో, అడివిపందో, ఏదో ఒకటి తేవాలి. ఉత్త చేతుల్తో వచ్చినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు పోసి నవ్వుతారు. మొదట్లో ఇది మా పండగ కాదు. అయితే ఏం, మూడు తరాలు ఒకరి నీళ్లు తాగాక ఒకరి పండగ రాకుండా ఉంటుందా? మా వీధివాళ్లూ వెళ్తారు. లక్ష్మణుడు ఏటా వెళ్లేవాడు, డబ్బా వాయించి జంతువుల్ని తోలడానికి. ఏటా పేడనీళ్లు పోయించుకునేవాడు. పోసేది గురువమ్మే.

“మీ తమ్ముడికి పేడనీల్లు అలవాటైపోనాయి వొదినా, పొయ్యకపోతే మొకం ముడుసుకుంటన్నాడు,” అని పగలబడి నవ్వేది.

ఈ ఏడు బాపికి పెళ్లయ్యాక వచ్చిన మొదటి పరబ్. పిల్ల పేరు బుల్లి, కల్యాణసింగ్‌పూర్ వైపు. మరదళ్లు నలుగురు పండక్కి దిగారు. కొత్త పెళ్లికొడుకు ఉత్త చేతుల్తో వస్తే ఆ నలుగురూ ఊరుకుంటారా? జన్మంతా చెప్పుకుంటారు. అసిరయ్య అటక మీద వాళ్ల అయ్య నాటి తుపాకీ ఒకటుంది. గొట్టంలోకి మందు కూరి, ఇనుప ముక్కలేసి కాల్చే రకం. లైసెన్సూ లేదు, గైసెన్సూ లేదు. ఇలాంటివి చుట్టుపక్కల కొండల్లో ఎన్నున్నాయో లెక్కెవరికీ తెలియదు.

పండక్కి ముందు పోలీసులు ఆటోకి మైకు కట్టి ఊరూరా తిప్పారు. లైసెన్సు లేని తుపాకులున్నవాళ్లు నెలాఖరులోపల ఠాణాలో అప్పగించేస్తే కేసుండదు, గడువు దాటాక దొరికితే జైలే, బెయిలు కూడా రాదు అని ఒడియాలో, తెలుగులో, కొండ ఊళ్ల దేశియా మాటలో చెప్పించారు. ఆ రోజు గురువమ్మ ఉప్మా బండి దగ్గర పెద్ద వాదనే అయింది. బ్లాకాఫీసులో హెడ్‌క్లర్కుగా చేసి రిటైరైన భావనారాయణగారు అక్కడే టీ తాగుతున్నారు. వాళ్ల పెద్దలు ఎస్టేటులో దివాణం పనులు చూసినవాళ్లు. ఆయన మాట్లాడితే చట్టమే మాట్లాడినట్టుంటుంది.

“చట్టం ఎప్పట్నుంచో ఉంది. అమలు చెయ్యకే ఇలా తయారయ్యేరు,” అన్నారాయన. “ఒక్కొక్కణ్ణీ లోపలెయ్యాలి, అప్పుడు గానీ బుద్ధి రాదు.”

“మరి పందుల్ని ఎవులు లోపలేస్తారు బాబూ?” అన్నాడు అసిరయ్య. “మొక్కజొన్న ఏసిన కాణ్ణించి కోసిన దాకా రేత్తిరి నిద్దర నేదు. పారెస్టోల్లకి సెప్తే రాసుకుంటామంటారు. తుపాకీ ఇచ్చీమన్నోలు పందిని ఎల్లగొట్టి మరీ ఇచ్చీమనాల.”

గురువమ్మ ఉప్మా గరిటె ఆపి అంది: “నిరుడు అవతలూర్లో పందనుకోని మనిసిని కాల్చీసేరు, మర్సిపోనావేటన్నా? ఇచ్చీ, ఆ ఇనపముక్క ఠాణాలో పారీసి రా. పందికి టపాకాయలు కాల్చుకుందాం.”

“ఇచ్చెస్తానమ్మీ, ఇవ్వనన్నానా? బాపిగాడి పరబ్ కానీ. పరబ్ అయ్యేక ఇచ్చెద్దాం.”

నెలాఖరు ముందే వచ్చింది, పరబ్ వేట తరవాత పడింది. ఆ కాస్త రోజుల తేడాతోనే అందరి బతుకులూ తిరగబడ్డాయి.

వేట రోజు పొద్దున్న ఆరుగురు వెళ్లారు, మూడు తుపాకుల్తో. లక్ష్మణుడు డబ్బా పట్టుకుని కొండ పైనుంచి తోలుతూ దిగాడట. దాహమేసి ఊటనీళ్లు తాగడానికి పొదల్లోకి వంగాడు. కింద పొంచి ఉన్న బాపికి పొద కదలడం కనపడింది. పంది అనుకున్నాడు. కాల్చాడు. ఇనుపముక్కలన్నీ వెళ్లి లక్ష్మణుడి తొడ వెనక దిగాయి.

బొంగుకి దుప్పటి కట్టి మోసుకొచ్చారు. బస్టాండు మీదుగా కాదు, తోటల వెనకనుంచి. మరదళ్లు పేడనీళ్ల కుండలు పట్టుకుని వీధి మొగలో నిలబడ్డారు. ఇతను మోడు మీద పడ్డాడు, దెబ్బ తగిలింది, నవ్వులాటలొద్దు అని వాళ్లని ఇంట్లోకి తోలేశారు. లక్ష్మణుణ్ణి అసిరయ్య ఇంటి వెనక గదిలో పడుకోబెట్టారు.

నేనూ గురువమ్మా పరిగెత్తుకుంటూ వెళ్లాం. దుప్పటి తీసి చూస్తే, ఓరి భగవంతుడా, అది మోడు మీద పడ్డ దెబ్బా? తొడంతా కన్నాలు. బాపి గోడ మూల కూర్చుని తల బాదుకుంటున్నాడు.

“అత్తా, సూసుకోనేదత్తా! పందనుకున్నానత్తా!”

గురువమ్మ వాణ్ణి తిట్టలేదు. వాడివైపు చూడనైనా లేదు. “బండి పిలవన్నా, ఆస్పత్రికి,” అంది.

అసిరయ్య తలుపు దగ్గరగా వేశాడు. “ఎలాగ తీసికెల్తావమ్మీ? డాట్రు సూడగానే ఠాణాకి పోను సేస్తాడు.”

“సేస్తే సెయ్యనీ!”

“సెయ్యనీ అంటావేటి? తుపాకీ నాది. కాల్చిందీడు. ఆ మిగిలిన రెండు తుపాకులూ మనతో ఎల్లినోల్లయి. ఎల్లినోలందరం లోపలికెల్తాం. గడువు దాటిపోనాది, బెయిలు నేదు. బుల్లికి మూడో నెల. రెండ్రోజులాగు, ఆకు పసరు కట్టిద్దాం. మన పెద్దోల్లకి తగల్నేదా, మాన్నేదా?”

పసరు కట్టారు. గురువమ్మ ఆయన మాట ఎందుకు విందని మీరడుగుతారు. తల్లీ తండ్రీ అయి పెంచిన అన్న కాళ్లు పట్టుకుంటే ఏ ఆడది కాదంటుంది? నిజంగానే కాళ్లు పట్టుకున్నాడు, నా కళ్లతో చూశాను. పైగా ఆ మిగిలిన మగాళ్ల పెళ్లాలు వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. ఒకత్తి చంటిపిల్లని గురువమ్మ ఒళ్లో పడేసి, “మా ఆయన లోపలికెల్తే దీన్ని నువ్వే పెంచుకో,” అంది. ఎవరి ఏడుపు వాళ్లది. లక్ష్మణుడి ఏడుపు మాత్రం ఎవరికీ పట్టలేదు.

జ్వరం ఎక్కింది. మర్నాటికి కాలు వాచి కుండంత అయింది. పట్టీ విప్పితే గదిలో నిలబడలేనంత వాసన. తెలిసిన కాంపౌండరు ఒకణ్ణి పిలిపించారు. చూసి రెండు చేతులూ జోడించాడు, ఇది పోలీసు కేసు, నన్ను ముంచకండి, పెద్దాసుపత్రికి తీసుకుపోకపోతే మనిషి దక్కడు అని చెప్పి, ఇచ్చిన టీ కూడా తాగకుండా పోయాడు. పోనీ ఆంధ్రా తీసుకుపోదామా అంటే అక్కడా అంతే, తుపాకీ దెబ్బకి ఎక్కడైనా పోలీసే.

నేను తిన్నగా భావనారాయణగారింటికి వెళ్లాను. చదువుకున్నవాడు, ఏదైనా దారి చెప్తాడని. పేర్లు చెప్పకుండా సంగతి చెప్పాను. ఆయన పేర్లన్నీ ముందే తెలిసినట్టు విన్నారు.

“తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే గౌరీశ్వరీ. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లమను. చట్టప్రకారం వైద్యం ముందు, కేసు తరవాత.”

“ఆ మాటే మీరొచ్చి అసిరయ్యకి చెప్పండి బాబూ. మీ మాట వింటాడు.”

“నన్నెందుకమ్మా ఇందులోకి లాగుతావు? రేపు సాక్ష్యం అంటారు, కోర్టు అంటారు. నువ్వు నా దగ్గరకి వచ్చినట్టు కూడా ఎవరికీ చెప్పకు.”

బండి దగ్గర ఒక్కొక్కణ్ణీ లోపలెయ్యాలన్న పెద్దమనిషే. మండిపోయింది నాకు. మీ చట్టం టీ తాగడానికి తప్ప ఎందుకూ పనికిరాదని మొహం మీదే చెప్పి వచ్చేశాను.

ఆ మర్నాడు పొద్దున్న, వీధంతా కుళాయి దగ్గర ఉన్న వేళ, గురువమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో పాత చీరలో చుట్టిన పొడుగాటి మూట. కళ్లు ఎండిపోయి ఉన్నాయి.

“నాతో రా వొదినా. ఏటీ అడక్కు. నోరిప్పకు. నీకు దణ్ణం ఎడతాను.”

తిన్నగా ఠాణాలోకి నడిచి, ఎస్సై బల్ల మీద మూట పెట్టి చీర విప్పింది. ఎస్సై కుర్చీలోంచి లేచాడు. ఒడియా మనిషి, తెలుగు బాగానే తెలుసు.

“ఇది మా అయ్య తుపాకీ బాబూ. అయ్య సచ్చిపోనాడు. దీన్తో నా మొగుణ్ణి నేనే కాల్చేను. ఆయన మా అన్న ఇంట్లో ఉన్నాడు, పేణం పోతన్నాది. ముందు జీపెట్టండి. తరవాత నన్నేటి సేసినా సెయ్యండి.”

నోరు తెరిచాను. అది బల్ల కింద నా చెయ్యి పట్టుకుని గోళ్లు దిగేలా నొక్కింది. ఎస్సై జీపు తియ్యమని కేకేశాడు. జీపు స్టార్టయిన చప్పుడు విని ఊరుకున్నాను. ముందు మనిషి దక్కనీ, తరవాత చూసుకుందాం అనుకున్నాను. అదీ అలాగే అనుకుంది. జీపులో నా చెవిలో చెప్పింది కూడా: “ఆయన లెగిసేక నిజం సెప్తాడు, పొరపాట్న తగిలిందని. అప్పటికి ఆయనకి పేణం ఉండాల కదా.”

జీపు ఇంటి ముందు ఆగేసరికి అసిరయ్య మొహంలో నెత్తురు లేదు. బాపి పెరట్లోకి పారిపోబోయాడు. ఎస్సై దిగి, “నీ చెల్లెలు ఒప్పుకుంది. మొగుణ్ణి ఎందుకు కాల్చింది? నువ్వెందుకు దాచావు?” అని గద్దించాడు. అసిరయ్య చెల్లెలి వంక చూశాడు. అది తల దించుకుంది. ఆయన ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి ఉందే, అది నేను చచ్చేదాకా మర్చిపోను. చెల్లెలు జైలుకి పోతోందని కాదు, కొడుకు తప్పించుకున్నాడని వదిలిన ఊపిరి అది. “పరువు పోతాదని దాచేను బాబూ,” అన్నాడు, తడుముకోకుండా.

లక్ష్మణుణ్ణి కోరాపుట్ తీసుకుపోయారు. బతికాడు. కాలు మోకాలి పైకి తీసేశారు. ఇంకా ముందు తెచ్చుంటే కాలు ఉండేదని డాక్టరు అందరిమీదా విరుచుకుపడ్డాడు. గురువమ్మని కోరాపుట్ జైల్లోనే ఆడవాళ్ల వైపు పెట్టారు. హత్యాయత్నం, దాని మీద తుపాకీ కేసు.

నేను ఊరుకుంటానా? ఎస్సై దగ్గరకి వెళ్లి జరిగిందంతా చెప్పేశాను. అన్నీ విన్నాడు.

“నువ్వు కొండమీద ఉన్నావా? కళ్లతో చూశావా?” అన్నాడు.

“లేదు. బాపి నోటితో చెప్పగా విన్నాను.”

“వాడు నాకు చెప్పడే. దెబ్బ తిన్నవాడు స్పృహలోకొచ్చాక ఏం చెప్తే అదే. పొరపాటున తగిలిందని అతను చెప్పనీ, ఆమెని నేనే విడిపించే దారి చూస్తాను.”

అతనికి తెలియదని కాదు. దూరంనుంచి, వెనకనుంచి తగిలిన దెబ్బ అని డాక్టరు రాసే ఉంటాడు. కానీ తుపాకీ దొరికింది, నేరం ఒప్పుకున్న మనిషి దొరికింది, పైవాళ్లకి చూపించుకోవడానికి అంతకంటే ఏం కావాలి? మిగిలిన రెండు తుపాకులూ అటకల మీంచి దిగి ఎక్కడో మట్టిలోకి వెళ్లాయి. ఇంతకుముందు భయపడి ఇచ్చేద్దామనుకున్నవాళ్లు కూడా ఇప్పుడు ఇవ్వరు. ఇస్తే ఎక్కడిదని అడుగుతారని భయం.

ఇక అంతా లక్ష్మణుడి నోట్లో ఉంది. ఆస్పత్రికి పరిగెత్తాను. మంచం పక్కన అసిరయ్య క్యారియరు విప్పి అన్నం కలుపుతున్నాడు. బాపి ఉచ్చకుండ పట్టుకుని నిలబడ్డాడు. రాత్రింబవళ్లు వాళ్లిద్దరే చేస్తున్నారట, నర్సులు మెచ్చుకుంటున్నారు. అసిరయ్య చెయ్యి కడుక్కోడానికి వెళ్లినప్పుడు నేను లక్ష్మణుడి చెవి దగ్గర చెప్పాను.

“ఒరే తమ్ముడూ, అది నీ కోసం లోపలికెళ్లింది. రేపు పోలీసులొస్తారు. పొరపాట్న తగిలిందను చాలు. నీ నోటి మాట తప్ప దానికి ఇంకేమీ లేదు.”

అతను దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. తల ఊపాడు. నేను నమ్మాను.

మర్నాడు పోలీసులొచ్చి రాసుకుపోయారు. అసిరయ్య గుమ్మం అవతల బల్ల మీద కూర్చున్నాడు, మాట వినపడేంత దగ్గర. నేను బస్సు దిగి వెళ్లేసరికి అయిపోయింది.

“ఏం చెప్పావురా?”

లక్ష్మణుడు గోడవైపు తిరిగాడు. “అందరూ అన్నదే సెప్పేనక్కా. అదే కాల్చిందన్నాను.”

“ఛీ, నీ నోరు పడిపోను! ఎందుకురా?”

“కాలు నేదు. పంపు పని ఇంకోడికి ఇచ్చీసేరంట. బావే ముద్ద ఎడతన్నాడు, బాపే ఎత్తుకెల్తన్నాడు. ఆడ్ని జైల్లో ఎట్టించి నేనెవరింటికి ఎల్లాలక్కా?”

“గురువమ్మ వచ్చేస్తే అదే పెడుతుంది కదరా ముద్ద!”

“అది ఒచ్చీదాకా?” అన్నాడు. చిన్నపిల్లాడు అడిగినట్టే అడిగాడు. నాకు వాణ్ణి చెంపదెబ్బ కొట్టాలనిపించింది, తల నిమరాలనిపించింది, రెండూ చెయ్యలేక బయటకొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

జైల్లో ములాఖత్‌కి పేరు రాయించుకుని వెళ్లాను. ఇనుపవల జాలీకి అవతల గురువమ్మ కూర్చుంది. చిక్కిపోయింది. అయినా మొహంలో ఒక కుదురు ఉంది, పని పూర్తిచేసుకున్న మనిషికి ఉండేలాంటిది.

“పుండు మానుతున్నాదా వొదినా? అన్నం తింటన్నాడా?”

“తింటున్నాడు. మీ అన్న పెడుతున్నాడు.”

“పోన్లే. మా అన్న ఎట్టకపోతే ఎవులెడతారు!” కాస్త నవ్వింది. “పోలీసోలు రాసుకున్నారంట కదా, ఇక్కడ వార్డరమ్మ సెప్పింది. ఎప్పుడొగ్గుతారంట నన్ను? నిన్ను నమ్ముకుని ఉప్మా గిన్నెలు ఒదిలీసొచ్చేను, బేగి రావాల.”

ఇంత నోరున్నదాన్ని. దాని మొహం చూస్తూ అబద్ధం చెప్పడం చేతకాలేదు.

“నువ్వే కాల్చావని చెప్పాడే,” అన్నాను.

“సాల్లే వొదినా, ఏలాకోలాలాడకు.”

“ఏలాకోలం కాదే, తల్లీ. నిజం.”

జాలీలోకి వేళ్లు దూర్చి పట్టుకుంది. నాకు ధైర్యం చెప్తున్నట్టు మెల్లగా అంది.

“జొరంలో సెప్పుంటాడు. జొరంలో మనిసికి ఏటి తెలుస్తాది?”

“జ్వరం తగ్గింది గురువమ్మా. లేచి కూర్చునే చెప్పాడు.”

అది వేళ్లు ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంది. దాని కోసం కుట్టి తెచ్చిన జాకెట్టు ఇంకా నా చేతుల్లోనే ఉంది. మాకిచ్చిన వేళ అవలేదు, వార్డరమ్మ పిలవనూ లేదు. గురువమ్మ తనంతట తనే లేచి లోపలికి వెళ్లిపోయింది.